మసీదు మూల పది రోజులు

రంజాన్ ఇరవయ్యో ఉపవాసం నాడు పొద్దు వాలేసరికి చిన్న ఊళ్ల మసీదుల్లో ఒకటే ప్రశ్న: ఈసారి ఎవరు కూర్చుంటున్నారు? మాచర్ల లాంటి ఊళ్లో ఇబ్బంది లేదు. మొహల్లాకి ఒకరో ఇద్దరో ముందే పేరిచ్చి ఉంటారు. మాచర్ల దాటి సాగర్ రోడ్డు పట్టుకుని విజయపురి సౌత్ వైపు వస్తుంటే తగిలే చిన్న చిన్న జమాతుల్లోనే మొహమొహాలు చూసుకోవడం. ఒకరికి దుకాణం, ఒకరికి ఆటో, ఇంకొకరికి మోకాళ్ల నొప్పులు. చివరికి ఏ రిటైరైన పెద్దాయనో దుప్పటి, దిండు, రెండు జతల బట్టలు, ఒక ఖుర్‌ఆన్ ప్రతి సంచిలో పెట్టుకుని వచ్చేస్తాడు. అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఊపిరి పీల్చుకోవాల్సిన పనే అది. కూర్చోవడం అంటే ఏతెకాఫ్. ఇరవయ్యో రోజు సూర్యుడు గుంకకముందే మసీదులోకి వెళ్లి, పండగ నెలవంక కనబడిందన్న కబురు వచ్చేదాకా గడప దాటకుండా ఉండటం. నెల 29కి ముగిస్తే తొమ్మిది రాత్రులు, 30 అయితే పది. మన ప్రాంతపు ముస్లింలు ఎక్కువగా పాటించేది హనఫీ సంప్రదాయం. అందులో ఈ ఏతెకాఫ్ మనిషి మనిషికీ విధించింది కాదు, మొహల్లా మొత్తానికి కలిపి విధించింది. ఒక్కడు కూర్చుంటే అందరి బాధ్యతా తీరిపోతుంది. ఒక్కడూ కూర్చోకపోతే అందరి మీదా మాట పడుతుంది. జనాజా నమాజుకీ ఇదే లెక్క. చచ్చిపోయినవాణ్ని సాగనంపడం, బతికున్నవాడు కాసేపు తనలోకి తాను చూసుకోవడం... ఈ రెంటినీ ఊరి పూచీ కిందే పెట్టిన మతం ఇస్లాం.

బయటివాళ్లకి ఇస్లాం అనగానే వినబడేది అజాన్. కనబడేది శుక్రవారపు వరసలు, ఈద్గా జనం. సామూహికతే ఆ మతం బలమని అందరూ అంటారు, అది నిజమే. అయితే ఆ సామూహికత లోపల ఒంటరితనానికి ఎంత చోటు కేటాయించారో, దాన్ని ఎంత పకడ్బందీగా నిత్యజీవితంలో ఇరికించారో పక్కింటివాళ్లకి కూడా తెలియదు. ఆ పద్ధతి గురించే ఈ కథనం. అది అడవికి వెళ్లే పద్ధతి కాదు. పెళ్లాం పిల్లలు, అప్పులు, అద్దెలు ఉన్న సంసారి కోసం కత్తిరించి కుట్టిన ఏకాంతం.

మసీదు మూలన దండెం లాగా ఒక తాడు కడతారు. దానిమీద పాత చీరో, పూల దుప్పటో వేలాడుతుంది. అదే పరదా, అదే గది. లోపల ఒక పరుపు, మంచినీళ్ల సీసా, తస్బీహ్ మాల, మందుల డబ్బా. పొద్దు గుంకే మగ్రిబ్ వేళకి మనవడు స్టీలు క్యారియర్ పట్టుకొచ్చి పరదా కిందనుంచి లోపలికి జరుపుతాడు. "దాదా, అమ్మీ గంజి పంపింది. పొద్దున గిన్నె ఇవ్వలేదంట, అడగమంది" అంటాడు. లోపలినుంచి ఖాళీ గిన్నె బయటికొస్తుంది. మాటలు అంతటితో సరి. రాత్రి తరావీ నమాజు అయిపోయి జనం వెళ్లిపోయాక ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపేస్తారు. ఆ మూలన ఉన్నది మాత్రం తిరుగుతుంటుంది. ఒక్కోసారి పరదా వెనక నీలం రంగు వెలుతురు కూడా కనబడుతుంది. సెల్‌ఫోన్! మా కాలంలో ఇది లేదని పెద్దలు విసుక్కుంటారు. పరదా కట్టినంత తేలిగ్గా మనసుకి గుడ్డ కట్టలేమని ఆ వెలుతురే చెబుతుంది.

లోపల కూర్చున్నాయన మౌనవ్రతం పట్టాడనుకుంటే పొరపాటు. నోరు మూసుకోవడమే పుణ్యం అనుకుని మౌనం పాటించడాన్ని హనఫీ పండితులు మెచ్చరు, మక్రూహ్ అంటారు. అవసరమైన మంచి మాట మాట్లాడొచ్చు. పిచ్చాపాటీ కూడదు, అంతే. కాలకృత్యాలకీ, నమాజుకి ముందు చేసే వజూకీ వెళ్లొచ్చు. ఇల్లు ఎదురుగానే ఉన్నా కాసేపలా వెళ్లొస్తానంటే కుదరదు. రోగిని పరామర్శించడానికి కూడా బయల్దేరకూడదు. ఈ పది రోజులూ మనిషి ఎక్కడున్నాడన్నది ముఖ్యం. నోరు తెరిచాడా మూశాడా అన్నది తర్వాతి సంగతి.

గుహ నుంచి ఊరి నడుమకి

దీని మూలం వెతుక్కుంటూ పోతే మక్కా పక్కన ఉన్న జబలె నూర్ కొండ మీద హిరా గుహ దగ్గర ఆగుతాం. నలుగురైదుగురు పడితే ఎక్కువ అన్నంత చిన్న గుహ. ప్రవక్త ముహమ్మద్‌కి నలభై ఏళ్లు వచ్చేనాటికి మక్కా వ్యాపారపు రొదకి దూరంగా అక్కడికి వెళ్లి రాత్రుళ్ల తరబడి ఒంటరిగా ఆలోచనలో గడిపే అలవాటుంది. ఖుర్‌ఆన్ తొలి వాక్యాలు ఆయనకి అందింది క్రీ.శ. 610లో, ఆ గుహలోనే. ఈ కథ అందరికీ తెలిసిందే. ప్రవక్త మాటల్నీ చేతల్నీ పొందుపరిచిన హదీసు గ్రంథాల్లో దాని పక్కనే ఉన్న చిన్న వివరాన్ని మాత్రం చాలామంది దాటేసి వెళ్లిపోతారు. ఆయన కొండెక్కేటప్పుడు తిండి మూట కట్టుకుని వెళ్లేవారు. అయిపోతే దిగి ఇంటికొచ్చేవారు. భార్య ఖదీజా దగ్గర మళ్లీ మూట కట్టుకుని మళ్లీ ఎక్కేవారు. హిరా గుహలో ఏకాంతానికి ఖదీజా ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంది. ఆ తొలి వాక్యాలు దిగిన నాడు భయంతో వణుకుతూ ఆయన పరుగెత్తుకొచ్చింది కూడా ఆవిడ దగ్గరికే. కప్పమని అడిగారు. కప్పింది. ధైర్యం చెప్పింది.

ఆ తర్వాత కథ ఎటు మళ్లిందో చూడండి. మదీనా చేరాక ప్రవక్త గుహలు వెతుక్కోలేదు. ఊరి నడిబొడ్డున ఉన్న మసీదులోనే, నలుగురూ వచ్చిపోయే చోటే, ఏటా రంజాన్ చివరి పది రోజులు గుడారం వేసుకుని కూర్చున్నారు. కన్నుమూసిన ఏడాది ఇరవై రోజులు కూర్చున్నారు. భార్య ఆయిషా గది మసీదుని ఆనుకునే ఉండేది. ఆయన లోపలినుంచే తల అటు వంచితే ఆవిడ ఇవతలినుంచి జుట్టు దువ్వేది. ఇంకో భార్య సఫియా ఒక రాత్రి చూడటానికి వస్తే కాసేపు మాట్లాడి తలుపు దాకా సాగనంపారు. ఇవన్నీ బుఖారీ హదీసుల్లో ఉన్న వివరాలే. తపస్సు అంటే ఇల్లు మరిచిపోవడం అనుకునే మన పురాణ సంస్కారానికి ఈ దృశ్యాలు కొంచెం విడ్డూరంగానే ఉంటాయి. సన్యాసం వద్దన్న మతం ధ్యానాన్ని వదులుకోలేదు. దాన్ని తీసుకొచ్చి ఇంటి గోడకి ఆనించి పెట్టింది.

విజయపురి సౌత్‌లో నిలబడి ఈ మాట చెప్పడంలో ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడి లాంచీ స్టేషన్ నుంచి నీటి మీద వెళ్తే వచ్చేది నాగార్జునకొండ. ఇప్పుడు ద్వీపం. ఒకప్పుడు దాని కింద ఉన్న లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి. మన ఊరిది కూడా ఆ పేరే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ డ్యాముకి శంకుస్థాపన చేసేనాటికే లోయ మునిగిపోతుందని తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయంతా తవ్వి, దొరికిన వాటిలో కొన్నింటిని కొండ మీదికీ, కొన్నింటిని ఇటు అనుపు దగ్గరికీ మార్చి మళ్లీ కట్టారు. ఆ విహారాల తీరు చూస్తే నడుమ మండపం, చుట్టూ వరసగా చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక్కో భిక్షువు. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ లోయలో మౌనానికి అంత వ్యవస్థ ఉండేది.

ఆ భిక్షువులకి తిండి పెట్టిందెవరు? శాసనాలు దాచలేదు. మహాచైత్యాన్ని నిలబెట్టింది రాజు శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ. సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది బోధిశ్రీ అనే ఉపాసిక. ఆ భిక్షువుల పరంపర కాశ్మీర, గాంధార, చైనా దేశాల వాళ్లని కూడా ధర్మంలోకి తెచ్చిందని ఆవిడ శాసనం గొప్పగా చెప్పుకుంటుంది. రాజులేమో అశ్వమేధాలు చేసుకుంటూ ఉంటే వాళ్లింటి ఆడవాళ్లు బౌద్ధ విహారాలకి డబ్బు పెట్టారు. సంసారం వదిలేసిన వాళ్ల మౌనం సంసారిణుల చేతి మీద నడిచింది.

రెండు మతాల మధ్య పోటీ పెట్టడానికి ఇది చెప్పడం లేదు. విహారంలో భిక్షువు జీవితాంతం కూర్చున్నాడు. అతని కోసం ఊరు ఒక భవనం కట్టింది. మసీదు మూలన పెద్దాయన పది రోజులు కూర్చుంటాడు. అతని కోసం ఊరు ఒక తాడు కడుతుంది. పదకొండో రోజున అతను మళ్లీ కూరగాయల సంచి పట్టుకుని సంతలో కనబడాలి. అప్పుడు అతని తూకంలో, అతని మాటలో ఏమన్నా తేడా వచ్చిందా లేదా అన్నదే ఇస్లాం అడిగే లెక్క.

పట్టపగలు వినబడని నమాజు

ఏతెకాఫ్ ఏడాదికోసారి వచ్చేది. రోజూ ఉండే నిశ్శబ్దం ఇంకొకటుంది. దాన్ని ముస్లిమేతరులు గమనించే అవకాశం తక్కువ. ముస్లింలు కూడా అలవాటు వల్ల పట్టించుకోరు. అయిదు పూటల నమాజులో తెల్లవారుజామున ఫజర్, పొద్దు గుంకాక మగ్రిబ్, రాత్రి ఇషా వేళల్లో ఇమాం ఖుర్‌ఆన్ పైకి పఠిస్తాడు. మధ్యాహ్నం జొహర్, సాయంత్రం అసర్ నమాజుల్లో పఠనం లోలోపలే. వరసలో నిలబడ్డ మనిషికి ఇమాం గొంతు వినబడదు. వంగే రుకూకీ, నుదురు నేలకానించే సజ్దాకీ చెప్పే తక్బీర్ తప్ప అంతా మౌనమే.

ఆ రెండు వేళలు ఎలాంటివో ఆలోచించండి. దుకాణం కిటకిటలాడే వేళ. లాంచీ ఇంకో ట్రిప్పుకి టికెట్లు తెగే వేళ. సాగర్ గేట్లు ఎత్తిన రోజుల్లో అయితే చెప్పనే అక్కర్లేదు. 26 గేట్ల నీటి హోరు, హైదరాబాద్ కార్ల హారన్లు, చేపల వేపుడు బండ్ల సెగ, సెల్ఫీల కేకలు. బండి మీద పెనం దించేసి, చేతులు కడుక్కుని వరసలో నిలబడ్డవాడికి వినడానికి ఏమీ లేదు. తన గుండె, తన లెక్కలు, తన కల్తీ, తన కోపం. పని నెత్తినెక్కి కూర్చున్న సమయానికే సరిగ్గా రెండుసార్లు నిశ్శబ్దాన్ని అమర్చడం యాదృచ్ఛికమని నేననుకోను. ధర్మశాస్త్ర పండితులు దీనికి వేరే కారణాలు చెబుతారు. నాకు తోచింది నేను చెబుతున్నాను.

నమాజు అయ్యాక చాలామంది అలాగే కూర్చుని కుడిచేతి వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుతూ ఉంటారు. 33 సార్లు దేవుడి పవిత్రత, 33 సార్లు కృతజ్ఞత, 34 సార్లు ఆయన ఘనత. మొత్తం వంద. పెదవులు కదులుతాయి, శబ్దం రాదు. మన ఇళ్లలో పెద్దవాళ్లు జపం చేసేటప్పుడు కణుపులు లెక్కపెట్టినట్టే ఉంటుంది. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలూ ఆగకుండా సలాం చెప్పగానే చెప్పులేసుకుని బయటపడేవాళ్లే ఎక్కువన్నది వేరే సంగతి.

ఖుర్‌ఆన్‌లో ఆలోచించండి, చూడండి, గమనించండి అన్న పిలుపు మాటిమాటికీ వస్తుంది. రాత్రీ పగలూ మారడం, వాన పడితే చచ్చిన నేల లేవడం, ఒంటె పుట్టుక, కొండలు నిలబడ్డ తీరు చూడమంటుంది. నిలబడి, కూర్చుని, పడుకుని దేవుణ్ని తలుచుకుంటూ భూమ్యాకాశాల సృష్టి గురించి యోచించేవాళ్లని మూడో సూరా (అధ్యాయం) మెచ్చుకుంటుంది. ఆ మూడు భంగిమల్లో ఏదీ ఆశ్రమంలోది కాదు. లాంచీలో ప్రయాణికుడు నిలబడే ఉంటాడు, కాలవ గట్టు మీద లష్కరు కూర్చునే ఉంటాడు. ఈ యోచననే తఫక్కుర్ అంటారు. గంటసేపు యోచన ఏడాది ఆరాధన కన్నా మేలన్న మాట మసీదు ప్రసంగాల్లో, బయాన్లలో తరచూ వినబడుతుంది. అది ప్రవక్త మాట అనడానికి హదీసు పండితులు ఒప్పుకోరు. తొలి తరాల పెద్దల నోట పుట్టిన మాటగా మాత్రం అది నిలిచిపోయింది.

బాగ్దాద్ వదిలిన మాస్టారు

ఈ విషయం మీద కూలంకషంగా రాసినవాళ్లలో ముందు చెప్పాల్సింది ఇమాం గజాలీ గురించి. 1058లో పుట్టి 1111లో పోయాడు. ముప్పై మూడేళ్ల వయసుకే బాగ్దాద్ నిజామియా విద్యాలయంలో పెద్ద పంతులు. వందలమంది విద్యార్థులు, సుల్తాన్ల గౌరవాలు. 1095లో ఒక రోజు పాఠం చెప్పబోతే నోట మాట రాలేదు. అన్నం సహించలేదు. వైద్యులు ఇది ఒంటి జబ్బు కాదు, మనసుదన్నారు. పేరు కోసం చదువు చెబుతున్నానా, దేవుడి కోసమా అన్న ప్రశ్న ఆయన్ని తినేసింది. ఉద్యోగం వదిలేసి డమాస్కస్ చేరాడు. అక్కడి పెద్ద మసీదు మినార్ ఎక్కి లోపల గడియ పెట్టుకుని రోజంతా ఒంటరిగా కూర్చునేవాడు.

ఇంతవరకూ వింటే మనకి తెలిసిన వైరాగ్య కథల్లాగే ఉంది. తన జీవిత కథలో ఆయనే ఒప్పుకున్న రెండు సంగతులున్నాయి. వెళ్లేముందు ఆస్తి పంచేస్తూ పిల్లల పోషణకి సరిపడా అట్టేపెట్టాడు. కొన్నేళ్లకి పిల్లల పిలుపులు, ఇంటి ధ్యాస ఆగనివ్వక తిరిగొచ్చాడు. చివరికి 1106లో నిషాపూర్‌లో మళ్లీ పాఠాలు చెప్పాడు. ఆ మధ్యకాలంలో రాసిన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో నలభై భాగాలుంటే ముప్పై తొమ్మిదోది పూర్తిగా యోచన గురించే. దేవుడి స్వరూపం గురించి బుర్ర బద్దలుకొట్టుకోకు, నీ చేతగాదు, ఆయన చేసిన పనులు చూడమంటాడు. ముందు నీ ఒళ్లు, తర్వాత దోమ, చీమ, చెట్టు, సముద్రం. దానికి ముందు భాగంలో రాత్రి పడుకోబోయే ముందు మనసుతో ఎలా లెక్క చూసుకోవాలో రాశాడు. అచ్చం వ్యాపార భాగస్వామిని అడిగినట్టు పొద్దున షరతు పెట్టి, పగలంతా కనిపెట్టి, రాత్రి పద్దు అడగమన్నాడు. సంతలో తిరిగే మనిషి కోసమే ఆ పుస్తకం రాశాడని అక్కడ తెలిసిపోతుంది.

సూఫీల్లో నఖ్ష్‌బందీలు ఇంకో అడుగు ముందుకేశారు. జిక్ర్, అంటే దేవుడి స్మరణ, పైకి వినబడకూడదు, గుండెలోనే సాగాలి అన్నారు. జనసమ్మర్దంలో ఉంటూనే ఏకాంతంలో ఉండటం వాళ్ల సూత్రాల్లో ఒకటి. హైదరాబాద్‌లో ఈ దారికి ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద దిక్కు అబ్దుల్లా షా నఖ్ష్‌బందీ (1872–1964). హదీసు విద్వాంసుడిగా ఆయన పేరు దక్కన్ దాటి వెళ్లింది.

తెలుగులోనే ఆలోచించిన వాళ్ల మాటకొస్తే పిఠాపురం గుర్తు రావాలి. అక్కడి పీఠానికి ఆరో పీఠాధిపతి ఉమర్ ఆలీషా (1885–1945) తెలుగు పద్యం మీద గట్టి పట్టున్న కవి, నాటకకర్త, కేంద్ర శాసనసభ సభ్యుడు కూడా. సూఫీ చింతననీ వేదాంతాన్నీ ఒకే ఒరలో పెట్టిన ఆ పీఠం శిష్యుల్లో ఎక్కువమంది ముస్లిమేతరులే. అంతకుముందు ముడుమాల దూదేకుల సిద్ధయ్య పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడై తత్వాలు చెప్పాడు. దూది ఏకే కులంలో పుట్టినవాడు మనసులో పీచు విడదీసే పనికి పూనుకున్నాడు. మసీదు ఇమాములు వీళ్ల దారిని ఇస్లాం అని ఒప్పుకుంటారా అంటే చాలామంది ఒప్పుకోరు. నేనూ వాళ్ల తరఫున వాదించబోను. తెలుగు నేల మీద ముస్లిం పేరున్న మనిషి మౌనంగా లోపలికి చూసుకోవడం నిన్నటి మొన్నటి సంగతి కాదనడానికి మాత్రం వీళ్లే సాక్ష్యం.

భాష సంగతి ఇంకా ముఖ్యం. పల్నాడు ముస్లిం ఇళ్లలో పిల్లలు అలిఫ్, బే నేర్చుకుని ఖుర్‌ఆన్ అరబ్బీలో గడగడా చదివేస్తారు. ఏం చదివావంటే తెలియదు. పఠనానికి పుణ్యం ఉందని పెద్దలంటారు, ఉండనీండి. చదివినదాని మీద ఆగి ఆలోచించాలంటే అర్థం తెలియాలి కదా. ఖుర్‌ఆన్‌ని తొలిసారి తెలుగులోకి తెచ్చింది ముస్లిం కూడా కాదు, చిలుకూరి నారాయణరావు. తర్వాత ముస్లిం పండితుల అనువాదాలు చాలా వచ్చాయి, ఇప్పుడు ఫోన్‌లోనూ దొరుకుతున్నాయి. ఏతెకాఫ్ పరదా వెనక అరబ్బీ ప్రతి పక్కన తెలుగు ప్రతి కూడా కనబడటం ఈ మధ్య వచ్చిన మంచి మార్పు.

మైకు, ముక్తసరిగా

ఏతెకాఫ్‌లో ఉన్న ప్రవక్తకి ఒకసారి మసీదులో జనం గట్టిగట్టిగా పఠించడం వినబడింది. పరదా తొలగించి, మీరు ప్రతి ఒక్కరూ మీ ప్రభువుతో ఆంతరంగికంగా మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒకరి గొంతు మీద ఒకరు గొంతు లేపి ఇబ్బంది పెట్టుకోవద్దన్న అర్థంలో చెప్పారని అబూ దావూద్ హదీసుల్లో ఉంది. శుక్రవారం ఖుత్బా ప్రసంగం నడుస్తుంటే పక్కవాణ్ని 'మాట్లాడకు' అని హెచ్చరించడం కూడా వ్యర్థపు మాటే అవుతుందన్నది ఇంకో హదీసు. గాడిద అరుపు గుర్తుచేసి మరీ గొంతు తగ్గించుకోమని కొడుక్కి బుద్ధి చెప్పిన లుఖ్మాన్ ఖుర్‌ఆన్‌లో ఉన్నాడు.

ఇన్ని చెప్పిన మతంలో, ఉపవాసానికి ముందు తినే సహరీ కోసం తెల్లవారుజామున మూడింటికి మైకులో లేపడం ఎందుకో నాకు అంతుపట్టదు. అలారం లేని ఫోను ఈ రోజుల్లో ఎవరి దగ్గరుంది? రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు ఉండనే ఉన్నాయి. తిరునాళ్ల ప్రభల మీద సినిమా పాటలకీ, వినాయకచవితి డీజేలకీ ఇదే మాట వర్తిస్తుంది. ఆ మాట అక్కడ రాస్తాను. ఇక్కడ పరదా వెనక కూర్చున్న మనిషి తరఫున అడుగుతున్నాను.

గిన్నె కడిగేదెవరు

మళ్లీ ఆ స్టీలు క్యారియర్ దగ్గరికి వద్దాం. పది రోజులు, రోజుకి రెండు పూటలు, ఇఫ్తార్ ఒకసారి, సహరీ ఒకసారి. తాను ఉపవాసం ఉండి వండే చేతులవి. తెల్లవారుజామున రెండున్నరకే లేచి రొట్టెలు చేసి పిల్లాడి చేతికిచ్చి పంపాలి. తర్వాత ఇంట్లో మిగతావాళ్లకి పెట్టాలి. చివరి పది రాత్రుల్లో ఒకటి వెయ్యి నెలల కన్నా మేలైన షబె ఖదర్ అని, అది ఏ రాత్రో వెతుక్కోవడానికే ఈ కూర్చోవడమని అందరూ చెబుతారు. ఆ రాత్రి కోడలు అంట్లు తోముతూ ఉంటుంది. పండగ ముందు రోజుల్లో సేమ్యా వేయించడం, బట్టలు కుట్టించడం, ఇల్లు కడగడం అదనం.

ఆడవాళ్లకి ఏతెకాఫ్ లేదా అంటే, ఉంది. ప్రవక్త భార్యలు చేశారు, ఆయన పోయాక కూడా కొనసాగించారు. హనఫీ పద్ధతిలో ఆడమనిషి ఇంట్లోనే నమాజు చేసుకునే మూలని తన ఏతెకాఫ్ చోటుగా చేసుకోవచ్చు. భర్త ఒప్పుకోవాలి. ఆ చోటు దాటి వంటింట్లోకి రాకూడదు. షరతుల్లో గట్టిగా నిలిచే షరతు ఈ చివరిదే. మతం అనుమతించింది, వంటిల్లు అనుమతించలేదు.

కూలి మనిషిదీ అదే బాధ. పది రోజుల కూలి పోగొట్టుకుని కూర్చోలేడు. అందుకే చిన్న ఊళ్లలో ఎప్పుడూ రిటైరైన వాళ్లే కూర్చుంటారు. కొన్ని చోట్ల నలుగురూ చందా వేసుకుని ఓ పేదవాడికి డబ్బిచ్చి కూర్చోబెట్టే అలవాటుండేది. ఇబాదత్‌ని, అంటే ఆరాధనని, కూలికి చేయించకూడదని ముఫ్తీలు దాన్ని కచ్చితంగా కాదన్నారు. సరే, కూలి ఇవ్వొద్దు. అతను తన ఇష్టంతో కూర్చుంటానంటే ఆ పది రోజులు అతని ఇంటికి బియ్యం, పప్పు పంపడానికి ఏ ఫత్వా అడ్డం రాదు. ఫిత్రా, జకాత్ దానాల లెక్కలు తీసేది కూడా ఆ రోజుల్లోనే. ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్ ఏతెకాఫ్‌లో ఉండగా అప్పుల్లో చిక్కుకున్న ఒకాయన మొహం చూసి, అతని పని చక్కబెట్టడానికి మసీదు గడప దాటి వెళ్లాడని బయాన్లలో చెబుతారు. ఆ కథనం పరంపర బలహీనమని హదీసు పండితులన్నా ఊళ్లలో అది చెప్పని రంజాన్ లేదు. జనానికి అందులో ఏం నచ్చిందో తెలుస్తూనే ఉంది.

పది రోజులు కుదరని వాళ్లకీ దారుంది. నఫిల్ (ఐచ్ఛిక) ఏతెకాఫ్‌కి ఉపవాసం అక్కర్లేదు, గడువు అక్కర్లేదు, రంజానే అక్కర్లేదు. మసీదులో అడుగుపెడుతూ సంకల్పం చెప్పుకుంటే ఉన్నంతసేపూ ఏతెకాఫే. జొహర్‌కి వచ్చే ఆటో డ్రైవరు పావుగంట ముందు వచ్చి కూర్చుంటే చాలు.

మసీదు కమిటీ పెద్దలకీ, ఇంటి మగవాళ్లకీ ఒక విన్నపం. ఈ రంజాన్ ఇరవయ్యో సాయంత్రం 'ఎవరు కూర్చుంటున్నారు' అన్న ప్రశ్న మసీదులోనే కాకుండా ఇంట్లో కూడా అడగండి. అమ్మో, భార్యో, కోడలో నేను కూర్చుంటానంటే ఒక గది ఖాళీ చేసి, తలుపుకి పరదా కట్టి, తెల్లవారుజామున రెండున్నరకి మీరు లేవండి. రొట్టె గుండ్రంగా రాకపోయినా ఫర్వాలేదు.